గ్రీకు ముక్కు

1901లో జర్మనీ యువరాజు విల్‌హెల్మ్ ఇంగ్లండు వచ్చి, ఆక్స్‌ఫర్డ్ దగ్గరి బ్లెన్‌హైమ్ ప్యాలెస్‌లో మార్ల్‌బరో డ్యూక్ ఇంట అతిథిగా దిగాడు. ఆ ఇంట్లో అప్పటికే ఇంకో అతిథి ఉంది. పేరు గ్లాడిస్ డీకన్. వయసు 20. యువరాజు ఆమెను చూశాడు. తిరుగు ప్రయాణం నాటికి అతని ఉంగరం ఆమె చేతికి చేరింది. సంగతి బెర్లిన్ దాకా పాకింది. ఉంగరం వెనక్కి రావాలని తండ్రి, కైజర్ రెండో విల్‌హెల్మ్, పట్టుబట్టాడు. వచ్చింది.

గ్లాడిస్ డబ్బున్న అమెరికన్ల బిడ్డ. పుట్టింది 1881లో, పారిస్‌లో. ఆమెకి 11 ఏళ్ళప్పుడు ఫ్రాన్స్‌లో కాన్ పట్టణంలోని ఒక హోటల్లో తండ్రి ఆమె తల్లి ప్రియుణ్ణి తుపాకీతో కాల్చాడు. ఆ మనిషి చనిపోయాడు. తండ్రి జైలుకెళ్ళాడు. తర్వాత తల్లిదండ్రులు విడిపోయారు. పిల్లలు ఎవరి దగ్గర ఉండాలన్నదాని మీద చాలాకాలం తగాదా నడిచింది. ఆ తగాదాలో అటూ ఇటూ తిరిగిన పిల్లకి తనదని చెప్పుకోడానికి రెండే మిగిలాయి. ఒకటి చదువు, రెండోది ముఖం.

చదువు తక్కువదేం కాదు. చాలా భాషలు మాట్లాడేది. బొమ్మల గురించీ కవిత్వం గురించీ పెద్దవాళ్ళతో సమానంగా వాదించేది. కానీ గదిలోకి ఆమె అడుగుపెట్టగానే జనం తలలు తిప్పింది చదువు కోసం కాదు. పెద్ద పెద్ద నీలికళ్ళు. శిల్పి రోడిన్‌కి ఆమె తెలుసు. నవలాకారుడు మార్సెల్ ప్రూస్ట్ ఆమెను చూసి అబ్బురపడ్డాడు. పాత ఇటలీ చిత్రాన్ని ఒక్కసారి చూసి ఇది ఫలానావాడి చేతిపని అని తేల్చగల బెర్నార్డ్ బెరెన్‌సన్, ఆయన భార్య మేరీ, ఇద్దరూ ఆమె ఆకర్షణలో పడ్డారు. అందాన్ని అంచనా కట్టడమే వృత్తిగా బతికినవాళ్ళు వాళ్ళు. వాళ్ళకి ఆ ముఖంలో వంక పెట్టడానికేమీ కనిపించలేదు.

గ్లాడిస్‌కి కనిపించింది.

నొసలు దిగి ముక్కు మొదలయ్యేచోట, రెండు కనుబొమల నడుమ, చిన్న పల్లం ఉంది. ఆ పల్లం దాదాపు ప్రతివాళ్ళకీ ఉంటుంది. కళ్ళజోడు నిలిచేది దానికి కాస్త కిందే. పక్కనుంచి చూస్తే నుదుటి గీత అక్కడ కాస్త లోపలికి పోయి, మళ్ళీ బయటికొచ్చి ముక్కవుతుంది. గ్రీకు దేవతల విగ్రహాలకి అది ఉండదు. నుదుటి మీద మొదలైన గీత ఎక్కడా వంగకుండా ముక్కు కొస దాకా తిన్నగా దిగిపోతుంది. దాన్నే గ్రీకు ముక్కు అంటారు. యూరప్‌లో చదువుకున్న ఇళ్ళల్లో అందానికి అదే కొలబద్ద. అపోలో ముక్కు అలా ఉంది, వీనస్ ముక్కు అలా ఉంది. గ్లాడిస్ ముక్కు అలా లేదు.

ముక్కు మీద మోజు తెలుగువాళ్ళకి కొత్త కాదు. ఒక ముక్కు పద్యం నంది తిమ్మనని ముక్కు తిమ్మన చేసిందని చెప్పుకుంటాం. కానీ కవి నాసికని సంపెంగతో పోల్చాడని ఏ ఆడపిల్లా సంపెంగ పువ్వు పట్టుకుని అద్దం ముందు నిలబడలేదు. పద్యం పద్యంలోనే ఉండిపోయింది. చలవరాయి వేరు. అది ఎదురుగా నిలబడుతుంది. చేత్తో తడమవచ్చు. కొలవవచ్చు.

గ్లాడిస్ రోమ్ వెళ్ళింది. అక్కడి మ్యూజియంలో ప్రాచీన విగ్రహాల ముందు నిలబడి, కుట్టుపనివాడు రవికెకి కొలత తీసుకున్నట్టు, వాటి కంటికీ ముక్కుకీ మధ్య ఎడం కొలిచింది. నచ్చిన ముఖం ఫొటో పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళే రోజులు అప్పటికింకా రాలేదు. ఇప్పుడైతే ఫోన్‌లో సొంత ఫొటోనే నునుపు చేసుకుని, నన్ను ఇలా చేయండి అని అడుగుతున్నారు. ఆమెకి కొలతలు చాలాయి. రెండువేల ఏళ్ళుగా లోకం మెచ్చిన ముఖాలవి. అంతకంటే నమ్మదగ్గది ఇంకేముంటుంది?

ఇక ఆ కొలతకి తన ముక్కు సరిపోవాలి. దానికి మార్గం కూడా సరిగ్గా అప్పుడే వచ్చింది.

1899లో వియన్నాలో రాబర్ట్ గెర్సూనీ అనే సర్జన్, క్షయ వల్ల వృషణాలు తీసేయాల్సి వచ్చిన ఒక యువకుడికి, ఆ చోటు ఖాళీగా కనిపించకుండా చర్మం కింద పెట్రోలియం మైనం ఎక్కించాడు. అది నిలిచింది. ఈ మాట డాక్టర్ల లోకంలో గుప్పుమంది. సిఫిలిస్ వల్ల దూలం కూలి ముక్కు మధ్యలో లోపలికి పడిపోయిన రోగులు ఆ రోజుల్లో ఊరూరా ఉండేవాళ్ళు. ముఖం చూడగానే జబ్బు తెలిసిపోయేది. పని దొరికేది కాదు, పిల్లనిచ్చేవాళ్ళు కాదు. అలాంటివాళ్ళ ముక్కుల్లోకి మైనం ఎక్కించి లేపారు. కత్తి లేదు, కుట్లు లేవు. ఒక్క సూది. నడిచి వచ్చి, ముక్కుతో నడిచి వెళ్ళిపోవచ్చు.

అది వైద్యమే. ముక్కు పోయినవాడికి ముక్కు పెట్టడం మన దేశంలో సుశ్రుతుడి కాలం నుంచీ ఉన్న విద్య. నుదుటి చర్మంతో చేసే పద్ధతిని యూరప్ నేర్చుకున్నదీ ఇక్కణ్ణుంచే. ఇంగ్లీషు సైన్యంలో ఎడ్లబండి తోలే కావస్‌జీ అనేవాడు టిప్పు సుల్తాన్ మనుషులకి పట్టుబడ్డాడు. ముక్కూ ఒక చెయ్యీ కోసేశారు. ఏడాది గడిచాక పుణె దగ్గర ఇటుకలు చేసే కులానికి చెందిన ఒకతను, అతని నుదుటి చర్మాన్నే కిందికి మడిచి కొత్త ముక్కు కుట్టాడు. 1794లో ఆ కథనం బొమ్మతో సహా లండన్ పత్రికలో అచ్చయింది. అది చదివిన జోసెఫ్ కార్ప్యూ అనే డాక్టరు శవాల మీద సాధన చేసి, 1814లో లండన్‌లో అదే పద్ధతిలో ఆపరేషన్ చేశాడు. కావస్‌జీ అడిగింది అందం కాదు. నలుగురిలో తల ఎత్తుకుని తిరగగలిగే ముఖం.

గ్లాడిస్ ముక్కుకి ఏ జబ్బూ లేదు.

1903లో, 22 ఏళ్ళ వయసులో, ఆమె ముక్కు మొదట్లో మైనం ఎక్కించుకుంది.

పని జరిగే తీరు ఇది. మైనాన్ని కరిగించి సిరంజిలోకి తీస్తారు. చర్మం కింద సూది దించి నెమ్మదిగా నొక్కుతారు. అది గట్టిపడేలోగా డాక్టరు రెండు వేళ్ళతో పిండుతూ, దువ్వుతూ కావలసిన రూపు తెస్తాడు. మైనం కళ్ళ వైపు పాకకుండా సహాయకుడు ముక్కుని రెండు పక్కలా నొక్కి పట్టుకుంటాడు. చల్లబరుస్తారు. అంతా కొద్ది నిమిషాల్లో అయిపోతుంది. సరిగ్గా అతికితే పల్లం ఉన్నచోట గట్టు వస్తుంది.

మైనం రాయి కాదు. అది ఉన్నచోట ఉండదు. వేడికి మెత్తబడుతుంది, బరువుకి జారుతుంది. ఒళ్ళు దాన్ని తనదని ఒప్పుకోదు. చుట్టూ గట్టి కండ పేర్చి గడ్డలు కడుతుంది. ఒక్కోసారి సూది రక్తనాళంలోకి దిగితే మైనం ముక్క కంటి దాకా పోతుంది. ముక్కు సరిచేయించుకోబోయి చూపు పోగొట్టుకున్నవాళ్ళ సంగతి ఆ ఏళ్ళలోనే వైద్య పత్రికల్లో వచ్చింది. ఒకసారి కండలో కలిశాక దాన్ని పూర్తిగా తీయడం ఎవరి వల్లా కాదు. తీయాలంటే దానితో పాటు ముఖమూ తీయాలి.

గ్లాడిస్ చూపు పోలేదు. ఆమె కోరుకున్న గీత మాత్రం రాలేదు. ముక్కు మొదట్లో ఉబ్బు తేలింది. ఏళ్ళు గడిచేకొద్దీ మైనం అక్కణ్ణుంచి కిందికి దిగింది. చెంపల మీదుగా గడ్డం దాకా జారింది. దవడ బరువెక్కింది. గడ్డం కింద చర్మం గడ్డలు కట్టింది. ఆమె ఫొటోలు వరసగా పెట్టి చూస్తే ఆ దిగడం ఏడాదికేడాదిగా కనబడుతుంది.

కళ్ళు మాత్రం అలాగే ఉన్నాయి.

ఇక్కడ కొంచెం వెనక్కి వెళ్ళాలి. 1895లో మార్ల్‌బరో తొమ్మిదో డ్యూక్, అమెరికా రైల్వే కోటీశ్వరుల బిడ్డ కాన్‌స్వేలో వాండర్‌బిల్ట్‌ని పెళ్ళాడాడు. పెళ్ళికూతురికి ఇష్టం లేదు, తల్లి మెడలు వంచి చేసిన పెళ్ళి. పత్రికల నిండా ఆ పెళ్ళి కబుర్లే. అప్పుడు 14 ఏళ్ళున్న గ్లాడిస్, నేనింకా చిన్నదాన్నయిపోయానే, లేకపోతే ఆ డ్యూక్‌ని నేనే పట్టేదాన్ని అన్న అర్థంలో తల్లికి ఉత్తరం రాసింది. ఆ తర్వాత ఆ దంపతులిద్దరికీ స్నేహితురాలైంది. డ్యూక్ ఆమెను ప్రేమించాడు. కాన్‌స్వేలో విడిపోయింది. విడాకులు రావడానికి మాత్రం చాలా ఏళ్ళు పట్టింది. చివరికి 1921లో పారిస్‌లో గ్లాడిస్ డ్యూక్‌ని పెళ్ళి చేసుకుంది. ఉత్తరం రాసిన 26 ఏళ్ళకి. అప్పటికి ఆమెకి 40. మైనం ఎక్కించుకుని 18 ఏళ్ళు.

14 ఏళ్ళప్పుడు కోరుకున్న ఇంటికి ఆమె యజమానురాలైంది. 1928లో డ్యూక్ ప్యాలెస్ ముఖమండపం కప్పు మీద బొమ్మ వేయించాడు. వేసింది కోలిన్ గిల్ అనే చిత్రకారుడు. తన కళ్ళ నీలం సరిగ్గా కుదరాలని గ్లాడిస్ ఆ రంగు స్కార్ఫ్ పట్టుకుని పరంజా ఎక్కి అతనికి చూపించింది. ఇప్పటికీ బ్లెన్‌హైమ్ ప్యాలెస్ మెట్లెక్కి తల ఎత్తినవాళ్ళకి ఆ కప్పు మీద ఆరు కళ్ళు కనబడతాయి. మూడు నీలివి, మూడు గోధుమవి. ఒక్కో గడిలో ఒక్కో కన్ను. నుదురు లేదు, ముక్కు లేదు, గడ్డం లేదు.

ఆ కాపురం నిలవలేదు. బిడ్డలు దక్కలేదు. ఆమె కుక్కల్ని పెంచడంలో పడింది. ప్యాలెస్ గదుల నిండా కుక్కలే. ఒకసారి భోజనాల వేళ బల్ల మీద పిస్తోలు పెట్టుకుని కూర్చుంది. అదెందుకని పక్కనున్నావిడ అడిగితే, ఏమో, మార్ల్‌బరోని కాల్చాలనిపించవచ్చు కదా అంది. డ్యూక్ మొదట తను ఇల్లు విడిచి వెళ్ళాడు. తర్వాత 1933లో ఆమెను వెళ్ళగొట్టాడు. ఆ మరుసటి ఏడాది చనిపోయాడు.

1943లో లండన్ బాండ్ స్ట్రీట్‌లోని నగల దుకాణంలో ఒక పార్లమెంటు సభ్యుడు ఒక వృద్ధురాలిని చూశాడు. కాసేపటికి గుర్తుపట్టాడు. ఒకప్పుడు పారిస్‌లో అందరూ చెప్పుకున్న గ్లాడిస్ డీకన్. దగ్గరికెళ్ళి పలకరించాడు. ఆమె ఎరగనట్టు చూసి వెళ్ళిపోయింది.

ప్యాలెస్ విడిచాక ఆమె ఇంగ్లండులోనే చాకూమ్ అనే పల్లెటూళ్ళో, డచెస్ అన్న మాట ఎక్కడా రానివ్వకుండా, మిసెస్ స్పెన్సర్ అనే పేరుతో తలుపులు మూసుకుని బతికింది. 1962లో ఆమెను బలవంతంగా నార్తాంప్టన్‌లోని మానసిక ఆసుపత్రికి తరలించారు. 1975లో హ్యూగో వికర్స్ అనే కుర్రాడు ఆమె జీవితచరిత్ర రాయాలని వెతుక్కుంటూ అక్కడికి వెళ్ళాడు. మొదట్లో మాట్లాడలేదు. పదే పదే వెళ్ళగా మాట్లాడింది. 1977 అక్టోబరులో చనిపోయింది. 96 ఏళ్ళు బతికింది. అందులో 74 ఏళ్ళు ఆ మైనంతోనే.

ఆమె కథ చెప్పినవాళ్ళంతా మైనాన్ని తిట్టారు. డాక్టర్లని తిట్టారు. కొందరు ఆమె పొగరుని తిట్టారు. విగ్రహాలనెవరూ ఏమీ అనలేదు. కొలబద్దని ఎవరు అనుమానిస్తారు?

డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగన్‌లో గ్లిప్టోటెక్ అనే శిల్పాల మ్యూజియం ఉంది. కార్ల్‌స్‌బర్గ్ బీరు కంపెనీ వారసుడు కార్ల్ జాకబ్‌సన్ గ్రీసు, రోమ్ శిల్పాలు కొని పోగుచేసి పెట్టింది. అందులో ఒక అద్దాల బీరువా ఉంది. దాన్లో విగ్రహాలు ఉండవు, ముక్కులుంటాయి. వంద దాకా. కొన్ని చలవరాతివి, కొన్ని సుద్దవి. పొడుగువి, పొట్టివి, తిన్ననివి, కొస కొద్దిగా ఎత్తినవి. అన్నీ వరసగా పేర్చి ఉంటాయి. ఒకప్పుడు అవన్నీ ఆ మ్యూజియంలోని ప్రాచీన విగ్రహాల ముఖాల మీద ఉన్నవే.

విగ్రహం పడితే ముందు విరిగేది ముక్కు. ముందుకు పొడుచుకుని ఉండే భాగం అదే కాబట్టి. వందల ఏళ్ళు మట్టిలో పడి ఉన్న దేవతల్ని తవ్వి తీసినప్పుడు చాలావాటికి ఆ చోట గుంట మాత్రమే మిగిలింది. ముక్కు లేని వీనస్‌ని ఏ ప్రభువూ తోటలో పెట్టుకోడు. ధర పలకదు. అందుకని అమ్మేముందో, కొన్నాకో, శిల్పుల చేత కొత్త ముక్కులు చెక్కించి అతికించారు. గ్రీకు ముక్కు ఎలా ఉండాలని తమ కాలం అనుకుందో అలా చెక్కారు. కోపెన్‌హాగన్ పండితులు 20వ శతాబ్దంలో, ఇవి అసలువి కావని వాటిని ఊడదీసి బీరువాలో పెట్టారు.

ఈ పని అన్నిటికంటే ఎక్కువగా జరిగిన ఊరు రోమ్. 1620ల్లో కార్డినల్ లుడోవీసీ ప్రాచీన విగ్రహాలు పోగుచేసి, వాటిని పూర్తి చేసే పనిని బెర్నీని, అల్గార్డీ లాంటి శిల్పులకి అప్పగించాడు. విరిగిన వేళ్ళు, చేతులు, తలలు చెక్కి పెట్టారు. ఆ విగ్రహాలను 1901లో ఇటలీ ప్రభుత్వం కొని రోమ్‌లోని తన మ్యూజియానికి చేర్చింది. 18వ శతాబ్దంలో అదే ఊళ్ళో బార్తొలోమియో కవచెప్పీ అనే శిల్పి ఈ మరమ్మతులకే ఒక కార్ఖానా నడిపాడు. ఏ విదేశీ ప్రభువు వచ్చినా అతని దగ్గర విరగని దేవతలు దొరికేవాళ్ళు.

కోపెన్‌హాగన్‌లో లాగా ముక్కులు ఊడదీయడం అప్పటికింకా మామూలు పని కాలేదు. గ్లాడిస్ కొలతలు తీసుకున్న నాటికి రోమ్ దేవతల్లో చాలామంది ముఖాల మీద ఉన్నవి అతుకు ముక్కులే.